ఛర్రాల తట్ట: ఒక కణం చుట్టూ లెక్క

జనవరి 9

సంక్రాంతి సెలవులకు ముందు ఆఖరి క్లాసు. ఎమ్మెస్సీ పిల్లలకు ద్రవాల స్టాటిస్టికల్ మెకానిక్స్, అంటే లెక్కలేనన్ని కణాల సగటు నడతను చదివే శాస్త్రం, మొదలుపెట్టాను. బోర్డు మీద కణ వితరణ ప్రమేయాలు (ఫంక్షన్లు) రాశాను. ఎన్ని కణాలుంటే అన్నీ ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఎంతో చెప్పే పెద్ద ప్రమేయం ముందుగా వస్తుంది. అందులో ఒక్క కణాన్ని ఉంచుకుని మిగతావాటి స్థానాల మీద సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే ఏకకణ ప్రమేయం, రెండింటిని ఉంచుకుంటే జంట ప్రమేయం. ఆ జంట ప్రమేయాన్ని సగటు సాంద్రత వర్గంతో భాగిస్తే మిగిలేదే పుస్తకాల్లో 'జీ ఆఫ్ ఆర్'. ఒక కణం నుంచి ఇంత దూరంలో ఇంకో కణం ఉండే అవకాశం మామూలుకన్నా ఎన్ని రెట్లు ఎక్కువో, ఎంత తక్కువో చెప్తుంది.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "మేడం, గిట్ల అన్నీ తీసేసినంక మిగిలేదాన్ని ఎవలన్న కండ్లతోటి చూసిన్రా?"

ఎక్స్-రే ప్రయోగాల గురించి చెప్పాను. 1927లో జెర్నికె, ప్రిన్స్ అనే ఇద్దరు ద్రవాల మీద పడి చెదిరిన ఎక్స్ కిరణాల నుంచి ఈ ప్రమేయాన్ని ఎట్లా రాబట్టవచ్చో చూపించారని చెప్పాను. తప్పు జవాబేమీ కాదు. కానీ ఆ పిల్ల అడిగింది వేరు. చెదిరిన కిరణాలు కాదు, కణాలే కనబడాలి, వాటిని లెక్కపెట్టాలి. పదేళ్లుగా అదే గీత బోర్డు మీద గీస్తున్నాను: మొదట సున్నా, ఒక్కసారిగా ఎత్తైన శిఖరం, ఒక లోయ, ఇంకో చిన్న శిఖరం, ఆ తర్వాత 1 దగ్గర సద్దుమణగడం. నా చేతులతో లెక్కపెట్టి ఒక్కసారి కూడా గీయలేదు. ఈ సెలవుల్లో గీస్తాను. ఈ డైరీ అందుకే.

జనవరి 10

మొదట వంటింట్లో ఉన్నదాంతోనే చూద్దామని ఎండు బఠానీలు తట్టలో పోశాను. వెర్నియర్‌తో ఇరవై గింజలు కొలిస్తే చిన్నది 6.1 మిల్లీమీటర్లు, పెద్దది 7.8. ఇట్లా ఉంటే రెండు గింజలు ఆనుకున్నప్పుడు వాటి మధ్య దూరం ఒక్కో జంటకు ఒక్కోలా ఉంటుంది. మొదటి శిఖరం చీలికలై, వెడల్పై, చివరికి గుట్టలా మారుతుంది. నాకు కావల్సింది నిటారు గోడ. గింజలన్నీ ఒకే సైజులో ఉండాలి.

సైకిల్ హబ్బుల్లో వేసే ఉక్కు గుండ్లు, ఛర్రాలు, అట్లాగే ఉంటాయి. హన్మకొండలో మా గల్లీ చివర సైకిల్ దుకాణం చాచా గుర్తొచ్చాడు.

"చాచా, పావు ఇంచు ఛర్రాలు నాలుగు గ్రోసులు కావాలె."

"గన్ని ఏం జేస్తవ్ బిడ్డా? ఎన్క హబ్బుకు దిక్కు తొమ్మిదే పడ్తయ్."

"కాలేజీ పిల్లలకు చూపెట్టాలె చాచా. అన్నీ ఒక్క సైజే ఉండాలె."

"కొత్త డబ్బాలయి తీస్కపో. పాతయి కలుపకు. అరిగిన ఛర్రా ఒక్కటి కలిసినా కోనును తింటది." ఒక ఛర్రాను చూపుడువేలు, బొటనవేలు మధ్య తిప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. అరుగుడు ఉంటే వేలికే తెలుస్తుందట.

గ్రోసు అంటే 144. నాలుగు గ్రోసులు 576. పావు ఇంచు అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి ఇరవై కొలిచాను. నా వెర్నియర్‌లో ఒక్కదానికీ తేడా కనబడలేదు.

సైకిల్ ఛర్రాలతో ద్రవాన్ని అర్థం చేసుకోవాలనుకోవడం కొత్తేమీ కాదు. లండన్‌లో జె.డి. బెర్నల్ అనే శాస్త్రవేత్త 1960 ప్రాంతంలో బేరింగు గుండ్లను గట్టిగా కుక్కి, నల్ల పెయింటు పోసి, ఆరాక ఒక్కొక్కటే ఊడదీసి, ఎక్కడెక్కడ పక్క గుండు ఆనిన మచ్చ ఉందో లెక్కపెట్టించాడు. ద్రవానికి స్ఫటికం లాంటి వరుస లేదు, గాలిలాంటి ఖాళీ లేదు. అలాంటప్పుడు ఒక్కో కణానికి పొరుగువాళ్లు ఎంతమంది? ఆయన ప్రశ్న అదే, నాదీ అదే. ఆయనది మూడు దిక్కుల గుట్ట, నాది తట్టలో ఒక్క పొర.

జనవరి 11

రోజంతా అమ్మతో సకినాలు. ఛర్రాల మధ్య దూరాలు లెక్కపెట్టే కోడ్ రాయడానికి పొద్దుగూకాక కూర్చున్నా. అసలు సంగతి మాత్రం మధ్యాహ్నమే తేలింది.

అనుకున్న పద్ధతి ఇది. ఒక ఛర్రాను పట్టుకో. దాని చుట్టూ అరమిల్లీమీటరు మందంతో వలయాలు ఊహించుకో. ఒక్కో వలయంలో ఎన్ని ఛర్రా కేంద్రాలు పడ్డాయో లెక్కపెట్టు. అన్ని ఛర్రాలకూ అదే చేసి సగటు తియ్యి. నిన్న రాత్రి కాగితం మీద ఉత్తుత్తి చుక్కలు చల్లి ఈ లెక్క వేస్తే, దూరం పెరిగిన కొద్దీ లెక్క కూడా పెరుగుతూ పోయింది. చుక్కలకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. అయినా దూరాన ఎక్కువమంది ఉన్నట్టు కనబడింది.

ఇవాళ తెల్ల గుడ్డ మీద పిండి చుడుతున్నాం. వేళ్ల మధ్య నలిగి మెలి తిరిగి జారే తడిపిండి, మధ్యలో చిన్న చుట్టు, దాని చుట్టూ రెండోది, మూడోది, నాలుగోది. నువ్వులు అంటుకున్న వేలితో అమ్మ అంది: "బయటి చుట్టుకే పిండి మస్తు పడ్తది, కొసకు చూసి తీసుకో."

ఎక్కువ పడితే బయటి చుట్టు దట్టంగా ఉన్నట్టు కాదు, పొడుగ్గా ఉన్నట్టు. పిండి మందం అన్ని చుట్లకూ ఒక్కటే. నాలుగో చుట్టుకు మొదటిదానికి నాలుగింతల పిండి పడుతుంది, ఎందుకంటే చుట్టుకొలత నాలుగింతలు. నా వలయాల లెక్క కూడా అంతే. వలయం విస్తీర్ణంతో, అంటే 2 × పై × దూరం × మందంతో భాగించాలి, మళ్లీ సగటు సాంద్రతతో భాగించాలి. అప్పుడు చల్లిన చుక్కలకు అన్ని దూరాల్లోనూ 1 వస్తుంది. అసలు దట్టం ఎక్కడుందో, పలచన ఎక్కడుందో ఆ 1తో పోల్చి చెప్పొచ్చు. మూడు దిక్కుల్లో అయితే వలయం బదులు గుల్ల, భాగించాల్సింది 4 × పై × దూరం వర్గం × మందంతో.

క్లాసులో ఈ భాగహారాన్ని 'నార్మలైజేషన్' అని ఒక్క మాటలో దాటేసేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, ఈ విషయంలో సగం అదే అని. పైన లెక్కపెట్టడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. దేంతో భాగించాలో తెలియడమే కష్టం.

జనవరి 13

కోడ్ రాసిన తర్వాత దాన్ని తెలియని వస్తువు మీద నేరుగా నడపకూడదు. జవాబు ముందే తెలిసినదాని మీద నడపాలి. అట్లాంటిది రాత్రి మా వాకిట్లోనే దొరికింది.

భోగి ముగ్గుకు అమ్మ చుక్కలు పెడుతోంది: 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క. నడిమి వరుసలో 15. పైకీ కిందికీ ప్రతి వరుసా ముందు వరుస సందుల్లో పడుతూ 14, 13, అట్లా 8 దాకా. మొత్తం 169 చుక్కలు, ఆరు మూలల ఆకారం. గీతలు కలపకముందే ఆపమని, డాబా పిట్టగోడ మీద నుంచి ఫోన్‌తో నిటారుగా కిందికి ఫొటో తీశాను.

సందు చుక్కలంటే త్రిభుజాల జాలకం. వరుసలు సరిగ్గా పడితే శిఖరాలు 1, √3, 2, √7 రెట్ల దూరాల్లో రావాలి. అంటే 1, 1.73, 2, 2.65. అదే 7 చుక్కలు 7 వరుసల ముగ్గు అయితే 1, 1.41, 2, 2.24. ముగ్గు మారితే శిఖరాల చోట్లు మారతాయి. చుక్కలు చూడకుండా శిఖరాలు చూసి ఏ ముగ్గో చెప్పేయొచ్చు.

వచ్చిన గీతలో మొదటి శిఖరం రెండుగా చీలింది: ఒకటి 1 దగ్గర, దానికి రెండింతలున్నది 1.1 దగ్గర. కోడ్ తప్పనుకుని గంటసేపు వెతికాను. కోడ్ సరిగ్గానే ఉంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంత ఎడం పెడుతుందో, వరుసకూ వరుసకూ మధ్య కూడా అమ్మ దాదాపు అంతే ఎడం పెడుతోంది. త్రిభుజం సమబాహువు కావాలంటే వరుసల ఎడం 0.87 రెట్లే ఉండాలి. అందుకే పక్క చుక్కలు రెండు దగ్గరగా, ఏటవాలు చుక్కలు నాలుగు కాస్త దూరంగా. వాకిట్లోకి పోయి టేపు పెట్టి కొలిస్తే అంతే తేలింది. కంటికి కనబడని తేడాను గీత పట్టుకుంది.

ఒక్కటి మాత్రం ముడి విడలేదు. రెండు శిఖరాలూ కలిపి ఒక్కో చుక్కకు సగటున 6 మంది పొరుగువాళ్లు రావాలి. 5.47 వచ్చింది. రేపు పండుగ. తర్వాత చూస్తా.

జనవరి 14, 15

పండుగ. పని చేయలేదు.

జనవరి 17

తట్ట తయారైంది. చదరపు ప్లైవుడ్ ముక్కకు నాలుగు పక్కలా చెక్క పట్టీలు, లోపల కొలత 20 సెంటీమీటర్లు × 20 సెంటీమీటర్లు. అడుగున నల్ల వెల్వెట్ గుడ్డ సాగదీసి అంటించాను. గుడ్డ లేకపోతే ఛర్రాలు ఆగవు, ఎక్కడ పల్లముంటే అక్కడికి దొర్లిపోతాయి. రెండు స్టూళ్ల మీద పీట, పీట సందులోంచి కిందికి చూస్తూ ఫోన్. ముందుగా గ్రాఫు కాగితం ఫొటో తీసి కొలత కట్టుకున్నా. మిల్లీమీటరుకు దాదాపు 14 పిక్సెళ్లు.

ఛర్రాలు పోసి, తట్టను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ గుండ్రంగా ఊపి, నెమ్మదిగా దించి, ఆగాక ఒక ఫొటో. మళ్లీ ఊపు, మళ్లీ ఫొటో.

మొదటి పది ఫొటోలు పనికిరాలేదు. జంట ప్రమేయం దాకా పోకముందే ఏకకణ ప్రమేయం దగ్గరే దొరికిపోయింది. ఎడమ సగంలో సగటున 318, కుడి సగంలో 258. ద్రవం అన్నిచోట్లా ఒకేలా ఉందనుకుంటేనే దూరం ఒక్కటి చాలు అంటాం. ఇక్కడ చోటును బట్టి సాంద్రత మారుతోంది. పక్కింట్లో గోడ కడుతున్న మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. బుడగ వంటింటి దిక్కు ఒరిగి ఉంది. టేబుల్ కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టాక గీతల మధ్యకు వచ్చింది. ఆ తర్వాత రెండు సగాలూ నాలుగైదు ఛర్రాల తేడాలోకి వచ్చాయి. మొదటి క్లాసులో 'ఏకకణ ప్రమేయం ఏకరీతి ద్రవంలో స్థిరాంకం, కాబట్టి ముందుకు పోదాం' అనే వాక్యాన్ని ఇక నుంచి అంత తేలిగ్గా చెప్పలేను.

రెండో చిక్కు మెరుపు. ఫొటోల్లో ఆకారాలు పట్టే ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో గుండ్రాలను వెతికే పద్ధతి వాడితే, ప్రతి ఛర్రా మీద పడిన ట్యూబులైటు ప్రతిబింబాన్ని పట్టుకుని ఒక్కదాన్ని రెండుగా చూపెడుతోంది. చాలాసేపు ఆ మెరుపును తీసేయాలని తంటాలు పడ్డాను. తర్వాత ట్యూబులైటు ఆపి, గది మూలన దూరంగా ఒకే ఒక్క చిన్న బల్బు పెట్టాను. నల్లటి గుడ్డ మీద ఛర్రాలు దాదాపు మాయమై, ఒక్కోదానికి ఒక్కో తెల్ల చుక్క మాత్రం మిగిలింది, అమావాస్య నాటి ఆకాశంలాగా. ఆ చుక్క ఛర్రాకు సరిగ్గా నడిమధ్యన లేదు, కొంచెం బల్బు దిక్కుకు జరిగి ఉంది. కానీ అన్నిటి మీదా దాదాపు అంతే జరిగి ఉంది. నాకు కావల్సింది రెండు ఛర్రాల మధ్య దూరం. అన్నీ ఒకే దిక్కుకు ఒకే మేర జరిగితే తీసివేతలో ఆ జరుగుడు పోతుంది. ఇక గుండ్రాలు వెతికే పనే లేదు, తెల్ల చుక్కల కేంద్రాలు చాలు. ఫొటోలో 576 చుక్కలు లెక్క తేలినప్పుడు చాలా సంతోషమైంది.

జనవరి 18

40 ఫొటోలు. గీత వచ్చింది. 6.3 మిల్లీమీటర్ల దాకా సున్నా, అక్కడ నిటారు గోడ, శిఖరం, లోయ, రెండు వ్యాసాల దగ్గర రెండో శిఖరం. పదేళ్లు బోర్డు మీద గీసినదే. ఇప్పుడు సైకిల్ ఛర్రాల నుంచి వచ్చింది. కాసేపు అట్లా చూస్తూ కూర్చున్నాను.

అయితే చివరికి అది 1 దగ్గర ఆగాలి. ఆగలేదు. దూరం పోయినకొద్దీ దిగుతూ, 5 వ్యాసాల దగ్గర 0.8కి వచ్చింది. ఇంకా దూరం పోతే ఇంకా కిందికి. ఛర్రాలు దూరాన ఒకదాన్నొకటి తప్పించుకోవడానికి కారణమేమీ లేదు.

ముగ్గులో మిగిలిన ముడి గుర్తొచ్చింది. 6 బదులు 5.47. కాగితం మీద వేశాను. 169 చుక్కల్లో బయటి అంచున ఉన్నవి 42. వాటిలో ఆరు మూలల చుక్కలకు ముగ్గురేసి పొరుగువాళ్లు, మిగతా 36 చుక్కలకు నలుగురేసి. కొదవ మొత్తం 18 + 72, అంటే 90. 1014లోంచి 90 తీసేస్తే 924. దాన్ని 169తో భాగిస్తే 5.47. పైసా తేడా లేదు.

తట్టలోనూ అదే. అంచు పక్కనున్న ఛర్రా చుట్టూ వలయం గీస్తే సగం వలయం చెక్క పట్టీ దాటి బయటికి పోతుంది. అక్కడ ఛర్రాలు ఎట్లా ఉంటాయి? నేను మాత్రం నిండు వలయం విస్తీర్ణంతో భాగిస్తున్నాను. చదరపు తట్టకు ఆ కోత ఎంతో చేత్తో లెక్క వేయొచ్చు: తట్ట భుజంతో పోల్చి దూరం నిష్పత్తి తీసుకుంటే, 1లోంచి ఆ నిష్పత్తికి 4/పై రెట్లు తీసేయాలి, నిష్పత్తి వర్గానికి 1/పై వంతు కలపాలి. ఛర్రా కేంద్రాలు తిరగగలిగే భుజం 193.65 మిల్లీమీటర్లు, 5 వ్యాసాలంటే 31.75. నిష్పత్తి 0.164. జవాబు 0.80. గీత అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన తప్పు ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది.

దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి వలయంలో తట్ట లోపల పడిన భాగంతోనే భాగించడం. రెండోది, అంచు నుంచి కనీసం 5 వ్యాసాల దూరం లోపలికి ఉన్న ఛర్రాలనే నడిమి ఛర్రాలుగా తీసుకుని, పొరుగువాళ్లను మాత్రం తట్టంతా వెతకడం. రెండోదే పట్టుకున్నా. ఎందుకంటే పట్టీల పొడుగునా ఛర్రాలు ఆనుకుని వరుస కడుతున్నాయి, అక్కడ ద్రవం తీరే వేరు. ఫొటోకు సుమారు 260 నడిమి ఛర్రాలు మిగిలాయి, 40 ఫొటోలకు పదివేలు దాటాయి. గీత 1 దగ్గర స్థిరపడింది. ముగ్గుకూ అదే చేస్తే సరిగ్గా 6.

ఇదే చోట ఇంకో చిన్న తప్పు కూడా దిద్దుకున్నా. ఒక ఛర్రాకు పొరుగువాళ్లను లెక్కపెట్టేటప్పుడు అది తనను తాను కూడా లెక్కలోకి తీసుకుంటోంది. దూరం సున్నా దగ్గర ఒక పెద్ద పుల్లలా నిలబడింది.

జనవరి 21

కాలేజీ మొదలైంది. రాత్రిళ్లే పని.

ఛర్రాలు అసలు ద్రవం కావు. ఢీకొన్న ప్రతిసారీ శక్తి పోతుంది, గుడ్డ లాగేస్తుంది, చివరికి ఆగిపోతాయి. వాటికి ఉష్ణోగ్రత అనేది లేదు. కాబట్టి నిజంగా సమతాస్థితిలో ఉన్న గట్టి బిళ్లలు, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కలేని గుండ్రాలు, ఎట్లా ఉంటాయో పక్కన పెట్టి పోల్చుకోవాలి. 1953లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మెట్రొపొలిస్, రోజెన్‌బ్లుత్ దంపతులు, టెల్లర్ దంపతులు సరిగ్గా ఈ లెక్కే చేశారు. సమతలం మీద 224 గట్టి బిళ్లలు, మేనియాక్ అనే కంప్యూటర్ మీద. ఆ యంత్రానికి ప్రోగ్రామ్ రాసింది అరియానా రోజెన్‌బ్లుత్. ఈ పద్ధతి మెట్రొపొలిస్ ఒక్కడి పేరు మీద నిలిచిపోయింది. నా క్లాసులో మాత్రం ఆమె పేరు కూడా చెప్తాను.

నేనూ 224 బిళ్లలే తీసుకున్నా. ఒక బిళ్లను ఎంచుకో, కొంచెం జరిపి చూడు. ఎవరి మీదా ఎక్కకపోతే జరిగినట్టే, ఎక్కితే పాత చోటే ఉంచు. పాత చోట ఉంచినప్పుడు కూడా దాన్ని ఒక అడుగుగా లెక్కలోకి తీసుకోవాలి. నేను మొదట వదిలేశాను, తర్వాత సరిచేశాను. పెట్టెకు గోడలు లేవు: కుడి దిక్కు దాటితే ఎడమ దిక్కు నుంచి వస్తుంది, పాత నోకియా ఫోన్లలో పాము ఆటలాగా. గోడ లేదు కాబట్టి అంచు కోత కూడా లేదు. కాకపోతే పెట్టెలో సగం దూరం దాకానే చూడాలి. అది దాటితే ఒక బిళ్ల తన నీడను తానే చూసుకున్నట్టు అవుతుంది.

తట్ట నడిమి భాగంలో ఛర్రాలు ఆక్రమించిన వంతు 0.47. బిళ్లలకూ అదే పెట్టాను. లాప్‌టాప్ రాత్రంతా నడిచింది.

జనవరి 24

రెండు గీతలూ ఒకే కాగితం మీద వేశాను. శిఖరాల చోట్లు ఒక్కటే, లోయ చోటు ఒక్కటే. ఎత్తు దగ్గరే తేడా. ఆనుకునే దూరానికి గీతను పొడిగించి చూస్తే బిళ్లలకు 2.8, ఛర్రాలకు 3.2. ఛర్రాలు ఢీకొని శక్తి పోగొట్టుకుని పక్కపక్కనే ఆగిపోతున్నాయి కాబట్టి ఆనుకున్న జంటలు ఎక్కువ. ఆ 0.4 తేడాలో నా వెల్వెట్ గుడ్డ ఉంది.

బిళ్లల 2.8ని చూసుకోవడానికి మంచి కొలబద్ద ఉంది. 1975లో హెండర్సన్ ఇచ్చిన చిన్న సూత్రం. ఆక్రమించిన వంతును 7/16తో గుణించి 1లోంచి తీసెయ్, మిగిలిందాన్ని ఖాళీ వంతు వర్గంతో భాగించు. 0.47కి 2.83 వస్తుంది. రాత్రంతా నడిచిన లాప్‌టాప్‌కూ చేతి లెక్కకూ ఇంత దగ్గర కుదరడం నాకు నిజంగా గొప్పగా అనిపించింది.

ఇక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే పీడనం. గట్టి బిళ్లలకు పీడనం, ఆదర్శ వాయువు (కణాలు ఒకదాన్నొకటి పట్టించుకోనిది) పీడనానికి ఎన్ని రెట్లంటే: 1 + 2 × ఆక్రమించిన వంతు × ఆనుకునే చోట ప్రమేయం విలువ. 3.66 వచ్చింది. గోడ మీద ఎంత ఒత్తిడి పడుతుందో గోడ దగ్గరికి పోకుండా, నడిమధ్యన ఇద్దరు పొరుగువాళ్లు ఎంత తరచుగా ఆనుకుంటారో లెక్కపెట్టి చెప్పేశాం. వేల కణాల సంగతి చెప్పే పెద్ద ప్రమేయం అక్కర్లేకుండా పోయింది, జంట ప్రమేయంలో ఒక్క బిందువు చాలింది. ఛర్రాల 3.2ని మాత్రం ఈ సూత్రంలో పెట్టలేదు. ఉష్ణోగ్రత లేనిదానికి పీడనం చెప్పడం న్యాయం కాదు.

మరి జంట ప్రమేయాన్ని లెక్కపెట్టకుండా సిద్ధాంతంతోనే తేలేదా అని పిల్లలు అడుగుతారు. జంటకు సమీకరణం రాస్తే అందులో ముగ్గురి, అంటే మూడు కణాల, ప్రమేయం వస్తుంది. ముగ్గురికి రాస్తే నలుగురిది. బొగొలియుబోవ్, బోర్న్, గ్రీన్, కిర్క్‌వుడ్, ఇవాన్ అందరూ ఈ గొలుసు దగ్గరికే చేరారు. ఎక్కడో ఒకచోట తెంపాలి. ముగ్గురి సంబంధాన్ని మూడు జంటల గుణకారంగా తీసుకుందామని కిర్క్‌వుడ్ 1935లో అక్కడ తెంపాడు. నా దగ్గర ఫొటోలున్నాయి కాబట్టి ముగ్గురిని కూడా నేరుగా లెక్కపెట్టి ఆ తెంపు ఎంతవరకు సరైనదో చూడొచ్చు. అది వేసవి సెలవుల పని.

నిద్రపోయే ముందు మళ్లీ అనీసుర్ రహ్మాన్ 1964 వ్యాసం తీశాను. హైదరాబాద్‌లో 1927లో పుట్టినాయన. అమెరికాలో ఆర్గోన్ నేషనల్ లాబొరేటరీలో కూర్చుని, 94.4 కెల్విన్ దగ్గర ద్రవ ఆర్గాన్‌లో 864 అణువులను న్యూటన్ సూత్రాల ప్రకారం కంప్యూటర్‌లో కదిలించి, ఇదే గీత వేశారు. మొదటి శిఖరం సుమారు 3.7 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒకటి మిల్లీమీటరులో కోటో వంతు) దగ్గర. కంప్యూటర్‌లో అణువులను కదిలించి ద్రవాన్ని చదివే ఈనాటి పనికంతటికీ ఆ వ్యాసం పెద్ద దిక్కు. ఉస్మానియాలో చదువుకున్న మా పాతతరం మాస్టార్లు ఆ పేరు గౌరవంగా చెప్పేవాళ్లు. ఇప్పటి పిల్లల్లో ఎవరికీ తెలియదు. చెప్పాలి.

జనవరి 27

తట్టను క్లాసుకు తీసుకుపోయాను. కోడ్ చూపించలేదు. ఒక ఫొటోను పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, కంపాస్ బాక్సులు తెచ్చుకోమన్నాను. ఒక్కొక్కరికి రెండు ఛర్రాలు. వలయాలు గీసి చేత్తో లెక్కపెట్టారు. మొన్న ప్రశ్న అడిగిన అమ్మాయికి కావాలనే మూల దగ్గరి ఛర్రా ఇచ్చాను. కాసేపటికి తలెత్తింది.

"మేడం, నా వలయం కాగితం అవతలికి పోతంది. గా బయటిదాన్ని ఎట్ల భాగించాలె?"

నాకు ఎనిమిది రోజులు పట్టిన ప్రశ్న, ఆమెకు పావుగంట.

ఇరవై ఏడుగురి లెక్కలు బోర్డు మీద కూడితే ఎగుడుదిగుడుగానే గానీ, గీత వచ్చింది. మొదట సున్నా, తర్వాత శిఖరం. ఎవరో అడిగారు: "ఇంకా ఛర్రాలు పోస్తే ఏమైతది మేడం?"

జనవరి 28

సాయంత్రం చాచా దగ్గర ఇంకో రెండు గ్రోసులు తీసుకున్నా. ఆరు గ్రోసులు, 864. ఇంటికొచ్చి లెక్క రాస్తుంటే ఆ అంకె ఎక్కడో చూసినట్టనిపించి ఆగాను. రహ్మాన్ ఆర్గాన్ అణువులు కూడా 864. ఆయనకు అది ఘనాకార జాలకం నుంచి వచ్చింది: 6 ఘనానికి నాలుగు రెట్లు. నాకు 144కు ఆరు రెట్లుగా దుకాణం డబ్బాల్లోంచి వచ్చింది.

864 పోస్తే కేంద్రాలు తిరిగే చోటులో ఆక్రమించిన వంతు 0.73. గట్టి బిళ్లలు 0.70 దాటితే ద్రవంగా ఉండలేకపోవడం మొదలుపెడతాయి, 0.72కి వచ్చేసరికి ద్రవం మిగలదు. తట్ట ఊపుతుంటేనే చేతికి తేడా తెలిసింది. అంతకుముందు గలగలమని జారేవి, ఇప్పుడు గుంపుగా ఒక్క పలకలా కదులుతున్నాయి. నెమ్మదిగా చాలాసేపు ఊపి దించాను. బల్బు వెలిగించాను.

నల్ల గుడ్డ మీద తెల్ల చుక్కలు వరుసల్లో ఉన్నాయి, ప్రతి వరుసా ముందు వరుస సందుల్లో. మధ్యలో ఒకచోట వరుస విరిగి ఇంకో దిక్కుకు తిరిగింది. గీత వేశాను. రెండో శిఖరం ఇప్పుడు ఒక్కటిగా లేదు. ఒక కొస 1.73 దగ్గర, ఇంకో కొస 2 దగ్గర. అమ్మను పిలిచి ఫొటో చూపించాను.

"సందు చుక్కలే గదనే," అంది. "గీడ ఒక వరుస తప్పింది చూడు."